పైన లోయెస్, కింద టిల్, నీరు నిలవని నేల: దీన్ని ఏ వర్గంలో వేయాలి?

ప్రశ్న అడిగినవారు విస్కాన్సిన్ ఆగ్నేయ భాగంలో నేలశాస్త్రంలో ఎమ్మెస్ చేస్తున్నారు. మంచు కదులుతూ మలిచిన, డ్రమ్లిన్ అనే గుట్ట పైభాగంలో క్లాసు వాళ్లంతా గుంత తవ్వారట. పైన 20 సెంటీమీటర్లు దున్నిన పొర, తడిపి చూస్తే రంగు 10వైఆర్ 4/3 (మన్‌సెల్ రంగుల పుస్తకం లెక్క: 4 వాల్యూ, అంటే లేతదనం; 3 క్రోమా, అంటే రంగు గాఢత). 30 దగ్గర నుంచి బంక (క్లే) పెరిగింది. 80 దాకా రాయన్నదే లేదు, పిండిలా మెత్తగా ఉంది. ఆ కింద గులకరాళ్లు, గరుకు మట్టి. 110 దగ్గర యాసిడ్ వేస్తే నురగ వచ్చింది. బూడిదరంగు మచ్చలు ఎక్కడా కనపడలేదు. వారి అనుమానాలు మూడు: ఇది లోయెస్ (గాలి తెచ్చిన దుమ్ము) నేలా, టిల్ (మంచు వదిలిన మట్టి) నేలా? ఇంత బంక ఉన్న నేలను సర్వే మ్యాపు వెల్ డ్రెయిన్డ్ (నీరు నిలవనిది) అని ఎలా అంటుంది? అమెరికా వర్గీకరణలో ఆల్ఫిసాల్ (కింద బంక పేరుకున్న నేల) అనాలా, మాలిసాల్ (పైన మందమైన నల్లటి పొర ఉన్న నేల) అనాలా?

ముందు జవాబు చెప్పేస్తాను. మీరు రాసిన వివరాలను బట్టి ఇది ఆల్ఫిసాల్. పూర్తి పేరు ఫైన్-సిల్టీ, మిక్స్‌డ్, సూపర్‌యాక్టివ్, మెసిక్ టిపిక్ హాప్లుడాల్ఫ్ అయ్యే అవకాశం చాలా ఎక్కువ. మీ చుట్టుపక్కల విస్తారంగా ఉన్న డాడ్జ్ సిరీస్ (సిరీస్ అంటే వర్గీకరణలో అట్టడుగు మెట్టు) పూర్తి పేరు సరిగ్గా ఇదే. లోయెస్సా, టిల్లా అంటే రెండూ. మాతృ పదార్థాలు రెండు, నేల మాత్రం ఒకటే. బంక సంగతికి వస్తే, నీరు దిగిపోవడం అన్నది బంక శాతం ఒక్కదాని మీద ఆధారపడదు. దీని గురించి కింద వివరంగా రాస్తాను, ఎందుకంటే విద్యార్థులు ఎక్కువగా తడబడేది అక్కడే.

అమెరికా వ్యవసాయ శాఖ వాడే సాయిల్ టాక్సానమీ ఒక నేలను చూసి "నిన్ను గాలి తెచ్చిందా, మంచు తెచ్చిందా?" అని అడగదు. తెచ్చి పోశాక ఆ మట్టిలో ఏ పొరలు ఏర్పడ్డాయి, ఎంత బంక కిందికి దిగింది, ఎంత క్షారం మిగిలింది, ఏడాదిలో ఎన్ని రోజులు తడిగా ఉంది అనేవే అడుగుతుంది. పైన రాసిన పొడుగాటి పేరులో లోయెస్ అన్న మాట గానీ, టిల్ అన్న మాట గానీ ఎక్కడా లేవు చూడండి. మాతృ పదార్థం ప్రభావం చివర్లో, సిరీస్‌కు పై మెట్టైన ఫ్యామిలీ స్థాయిలో, "ఫైన్-సిల్టీ" అన్న మాట చాటున కనపడుతుంది. అందుకే "ఇది ఏ నేల?" అన్న ప్రశ్నను, "ఇది ఎక్కడి నుంచి వచ్చింది?" అన్న ప్రశ్నను విడివిడిగా పెట్టుకోండి. మొదటిది వర్గీకరణ, రెండోది భూచరిత్ర.

ఆ చరిత్ర కూడా కొంచెం చెప్పుకుందాం. చివరి మంచుయుగంలో, సుమారు 20 వేల ఏళ్లకు పైబడిన కాలంలో, మీ ప్రాంతమంతా గ్రీన్ బే లోబ్ అనే మంచు నాలుక కింద ఉండేది. మంచు తన కింద ఉన్న డోలమైట్ రాతిని అరగదీసి బంక, సిల్ట్ (బంక కంటే ముతక, ఇసుక కంటే సన్న రేణువులు), ఇసుక, గులక, బండరాళ్లు అన్నీ కలగలిపి అక్కడే వదిలింది. నీరు జల్లెడ పట్టలేదు, గాలి చెరగలేదు. అలా దేన్నీ వేరుచేయని ముద్దనే టిల్ అంటాం. మంచు వెనక్కి తగ్గాక దాని కరుగునీరు మిసిసిపి లాంటి నదుల లోయల్లో బురద పరిచింది. ప్రవాహం తగ్గినప్పుడల్లా ఆ బురద ఎండి, గాలికి లేచి, మైళ్ల దూరం వెళ్లి టిల్ మీద పడింది. ఆ దుమ్మే లోయెస్. అమెరికా మధ్యపశ్చిమంలో ఇలా పడినదాన్ని పియోరియా లోయెస్ అంటారు. సుమారు 25 వేల నుంచి 12 వేల ఏళ్ల కిందటి మధ్యకాలంలో పడింది.

దుమ్ము బయలుదేరిన లోయకు దగ్గరగా ఉన్నచోట మందంగా, ముతకగా పడుతుంది. దూరం పెరిగేకొద్దీ పలచబడి, మెత్తబడుతుంది. పశ్చిమ అయోవాలోని లోయెస్ హిల్స్‌లో దీని మందం కొన్నిచోట్ల 60 మీటర్లు దాటుతుంది. మీ గుంతలో ఒక మీటరు కూడా లేదు. ఇల్లినాయిలో ఈ పలచబడే తీరును 1942లోనే లెక్కగట్టి చూపినవారు గై స్మిత్. తర్వాతి కాలంలో సాయిల్ టాక్సానమీ తయారీకి నాయకత్వం వహించింది కూడా ఆయనే. ఇంకో సంగతి: దుమ్ము పడాలంటే ఆపాటికి అక్కడ మంచు ఉండకూడదు కదా. అందుకే మంచు ఆలస్యంగా వదిలిన చోట్ల లోయెస్ చాలా పలచగా ఉంటుంది, లేదా అసలే ఉండదు.

రెండు పదార్థాల హద్దును గుర్తించడం

మీ గుంతలో 80 దగ్గర రాళ్లు మొదలయ్యాయి కాబట్టి హద్దు సులువుగా దొరికింది. అన్నిచోట్లా ఇంత స్పష్టంగా ఉండదు. చెట్ల వేళ్లు, ఎలుకలు, వానపాములు, చలికాలంలో గడ్డకట్టి కరగడం, ఇవన్నీ కలిసి హద్దు దగ్గర ఓ జానెడు మేర కలిపేస్తాయి. ఇలాంటప్పుడు నేను చేసే మొదటి పని, చిటికెడు మట్టిని తడిపి బొటనవేలికి చూపుడువేలికి మధ్య నలపడం. లోయెస్ అయితే పిండిలా జారుతుంది. టిల్ అయితే ఇసుక రేణువులు చర్మానికి తగులుతాయి. అనుమానం తీరకపోతే పంటికింద పెట్టుకుంటాను. సిల్ట్ సన్నగా కరకరమంటుంది, ఇసుక మాత్రం టక్కున తగులుతుంది. రసాయనాలు చల్లిన పొలంలో ఈ పని చేయకండి.

ల్యాబ్ రిపోర్టు చేతికొచ్చాక మాత్రం ఒక లెక్క తప్పకుండా వేయండి: బంకను పక్కన పెట్టి, మిగిలిన దాంట్లో ఇసుక ఎంత? బంక నీటితో పాటు పై నుంచి కిందికి కదులుతుంది, ఇసుక కదలదు. అందుకని బంకతో కలిపి చూస్తే అసలు సంగతి మరుగున పడుతుంది. ఉదాహరణకు పై బీటీ పొరలో (బీటీ అంటే బంక పేరుకున్న పొర) బంక 30, సిల్ట్ 65, ఇసుక 5 శాతం ఉన్నాయనుకుందాం. బంక తీసేస్తే మిగిలేది 70, అందులో ఇసుక 5, అంటే 7 శాతం. కింద బీటీ పొరలో బంక 30, సిల్ట్ 32, ఇసుక 38 అనుకుందాం. అదే లెక్క వేస్తే 70లో 38, అంటే 54 శాతం. రెండు పొరల్లోనూ బంక 30 శాతమే. బంక శాతం మాత్రమే చూసేవారికి రెండూ ఒకేలా కనపడతాయి. ఈ లెక్క వేస్తే 7 నుంచి 54కు దూకిన చోటే హద్దు అని తేలిపోతుంది.

హద్దు తేలాక పొరల పేర్లలో దాన్ని చూపించాలి. కింది పదార్థంలోని పొరల ముందు 2 అనే అంకె వేస్తాం. పై పదార్థానికి 1 అని రాయం, అది ఉన్నట్టే లెక్క. మీ గుంతకైతే నేను పై నుంచి ఏపీ, ఈ, బీటీ1, బీటీ2, 2బీటీ3, 2సీ అని రాస్తాను. ఏపీ అంటే దున్నిన పొర, ఈ (E) అంటే బంక కోల్పోయిన పొర, సీ అంటే పెద్దగా మారని మాతృ పదార్థం. మధ్యలో 20 నుంచి 30 వరకు ఉన్న పొర రంగు పాలిపోయి, పలకలు పలకలుగా విడిపోతుంటేనే దాన్ని ఈ పొర అనండి. చాలా పొలాల్లో నాగలి దాన్ని ఎప్పుడో కలిపేసి ఉంటుంది.

ఇందులో గమనించాల్సింది 2బీటీ3. అంటే నేల ఏర్పడే క్రియ లోయెస్ దగ్గర ఆగలేదు, హద్దు దాటి టిల్‌లోకి దిగింది. రెండు పదార్థాలైనా నేల ఒకటే అని పైన అన్నది ఇందుకే. లోయెస్ కింద పాత నేల ఏదీ పూడిపోయి లేకపోతే, మొత్తాన్ని ఒకే నేలగా వర్గీకరిస్తాం.

ఆర్జిల్లిక్ పొర ఉందని ఎలా చెప్పాలి

ఆల్ఫిసాల్ అనాలంటే, ఇలాంటి నేలలో ఆర్జిల్లిక్ పొర ఉండాలి. అంటే పై నుంచి దిగిన బంక పేరుకున్న పొర. పై పొరలో బంక 15 నుంచి 40 శాతం మధ్య ఉంటే, కింది పొరలో దానికి కనీసం 1.2 రెట్లు ఉండాలి. పైన 18 ఉంటే కింద 21.6 చాలు. లోయెస్ నేలల్లో సాధారణంగా పైన 15 నుంచి 22, కింద 27 నుంచి 35 దాకా ఉంటుంది కాబట్టి ఈ అంకె దగ్గర ఇబ్బంది రాదు.

ఇబ్బంది వచ్చేది హద్దు దగ్గర. గాలి తెచ్చినదానికి, మంచు తెచ్చినదానికి మొదటి నుంచే బంక తేడా ఉండవచ్చు. అప్పుడు కింద బంక ఎక్కువుందంటే అది దిగివచ్చిందా, పుట్టుకతోనే ఉందా? అంకె చెప్పలేదు, కన్ను చెప్పాలి. బీటీ పొర నుంచి ఒక గడ్డను విరవండి, నలపకండి. విరిగిన ముఖాన్ని చేతి భూతద్దంతో, ఎండ ఏటవాలుగా పడేలా పట్టుకుని చూడండి. గడ్డ లోపలి రంగు కంటే కాస్త ముదురుగా, మైనం పూసినట్టు మెరిసే పలచటి పూత కనపడితే అదే క్లే ఫిల్మ్. వేళ్లు పోయిన సన్నటి రంధ్రాల లోపలి గోడలకు ఇది ఇంకా బాగా కనపడుతుంది. టిల్ భాగంలో అయితే గులకరాయిని పీకి, అది కూర్చున్న గుంటను చూడండి. అక్కడ పూత ఉంటే బంక పై నుంచి దిగిందనడానికి గట్టి సాక్ష్యం దొరికినట్టే. నిగనిగలాడేదల్లా బంక పూత కాదు. తడిసి ఉబ్బి ఒకదానికొకటి ఒరుసుకున్న ముఖాలు కూడా మెరుస్తాయి. వాటి మీద ఒకే దిక్కున గీతలుంటాయి.

వెల్ డ్రెయిన్డ్ అంటే ఇసుక నేల అని కాదు

ఇది డ్రైనేజీ తరగతి పేరు. నీరు చకచకా జారిపోతుందన్న అర్థం కాదు. ఆ అర్థానికి ఎక్సెసివ్‌లీ డ్రెయిన్డ్ అనే తరగతి వేరే ఉంది. వెల్ డ్రెయిన్డ్ అంటే వాన నీరు సులువుగా దిగిపోతుంది గానీ గబగబా కాదు, పంట కాలంలో వేళ్లకు ఊపిరాడకుండా చేసే తడి చెప్పుకోదగ్గ కాలం నిలవదు అని. డాడ్జ్ లాంటి నేలల్లో నీరు గంటకు సుమారు 1.5 నుంచి 5 సెంటీమీటర్ల దాకా దిగగలదు. ఇది మధ్యస్థం మాత్రమే.

30 శాతం బంక ఉన్నా నీరు దిగడానికి మొదటి కారణం మట్టి కట్టుబడి. లోయెస్‌లో ఏర్పడిన బీటీ పొర చిన్న చిన్న గడ్డలుగా విడిపోయి ఉంటుంది. నీరు గడ్డల మధ్య సందుల్లోంచి, పాత వేళ్ల దారుల్లోంచి, వానపాముల బొరియల్లోంచి దిగుతుంది. మిగతాది గుట్ట మీద ఆ నేల ఎక్కడుందన్న దాన్ని బట్టి ఉంటుంది. మీరు తవ్వింది గుట్ట పైభాగం. నీటికి పక్కలకు, కిందికి పోయే దారి ఉంది, భూగర్భజల మట్టం లోతుగా ఉంది.

గుట్ట మీద చోటు ఎంత ముఖ్యమో ఇండియానా నేలల్లో మరీ బాగా కనపడుతుంది. అక్కడ పలచటి లోయెస్ కింద టిల్ ఉన్న పొలంలో గట్టు మీద రసెల్ సిరీస్ ఉంటుంది, వెల్ డ్రెయిన్డ్. కాస్త చదునైన చోట జీనియా, దాంట్లో తడి కొంత ఎక్కువ. మరీ చదునుగా ఉన్నచోట ఫిన్‌కాజిల్, వసంతంలో నీరు పైదాకా వస్తుంది. పల్లంలో నల్లటి ట్రీటీ, దాన్ని పైపులు వేసి ఆరబెట్టకపోతే మొక్కజొన్న పండదు. అదే లోయెస్, అదే టిల్, అదే వాన. ఎత్తులో తేడా చూస్తే ఒకటి రెండు మీటర్లే. అయినా రసెల్ టిపిక్ హాప్లుడాల్ఫ్ అయితే, ఫిన్‌కాజిల్ ఆక్వాల్ఫ్ (తడి ఆల్ఫిసాల్), ట్రీటీ ఏకంగా మాలిసాల్. "టిల్ మీద లోయెస్" అని చెప్పినంత మాత్రాన వర్గం ఎందుకు తేలదో ఈ వరస చూస్తే తెలుస్తుంది.

గుంతలో దీన్ని చదివేది రంగుల్లో. మట్టి చాలా రోజులు నీటిలో నానితే అందులోని ఇనుము కరిగి కదులుతుంది. ఇనుము పోయిన చోట బూడిదరంగు, పేరుకున్న చోట తుప్పురంగు. బూడిదరంగు అంటే మన్‌సెల్ పుస్తకంలో క్రోమా 2 లేదా అంతకంటే తక్కువ, వాల్యూ 4 లేదా ఎక్కువ. 75 సెంటీమీటర్లలోపు అలాంటి మచ్చలుండి, అక్కడ నిజంగా నీరు కూడా నిలుస్తుంటే సబ్‌గ్రూప్ (పేరులో టిపిక్ అన్న మాట ఉండే చోటు) ఆక్విక్ అవుతుంది. రంగు మారకపోయినా, మీటరు లోపు ఏ పొరైనా మామూలు ఏడాదిలో వరసగా 20 రోజులు గానీ, విడివిడిగా మొత్తం 30 రోజులు గానీ నీటితో నిండి ఉంటే ఆక్సీఆక్విక్. ఇవేవీ కాకపోతేనే టిపిక్ దాకా వస్తాం. డ్రైనేజీ తరగతి, టాక్సానమీ సబ్‌గ్రూప్ రెండూ వేర్వేరు పద్ధతులు. ఎక్కువసార్లు కలుస్తాయి గానీ ఒకటి చూసి రెండోది రాసేయకూడదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. టిల్ రంగు కొన్నిసార్లు దాని రాయి నుంచి వచ్చిందే. డోలమైట్, షేల్ కలిసిన టిల్ పుట్టుకతోనే బూడిదగా ఉండవచ్చు. అది తడి గుర్తు కాదు. పక్కన తుప్పు మచ్చలు లేకుండా, పొరంతా ఒకే బూడిదరంగులో ఉంటే తొందరపడి ఆక్విక్ అని రాయకండి.

ఆల్ఫిసాలా, మాలిసాలా?

ఇది తేల్చేది పై పొర. మాలిసాల్ కావాలంటే మాలిక్ పొర ఉండాలి. తడిగా ఉన్నప్పుడు వాల్యూ 3 లేదా తక్కువ, క్రోమా 3 లేదా తక్కువ, ఎండినప్పుడు వాల్యూ 5 లేదా తక్కువ, సేంద్రియ కార్బన్ కనీసం 0.6 శాతం, బేస్ శాచురేషన్ (మట్టి పట్టి ఉంచే అయాన్లలో కాల్షియం లాంటి క్షారాల వాటా) కనీసం 50 శాతం. మీ గుంత లాంటి లోతైన నేలలో మందం కనీసం 25 సెంటీమీటర్లు. మీ దున్నిన పొర రంగు 4/3. వాల్యూ 4 కాబట్టి మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయింది. అదే 3/2 ఉండి, మందం 20 మాత్రమే ఉన్నట్లయితే? అప్పుడూ మాలిసాల్ కాదు, మాలిక్ హాప్లుడాల్ఫ్ అవుతుంది. 3/2 రంగు 25 దాటి కిందికి పోతే ఆర్జియుడాల్, అంటే మాలిసాల్. దక్షిణ విస్కాన్సిన్, ఉత్తర ఇల్లినాయి పచ్చిక మైదానాల్లోని ప్లానో సిరీస్ అలాంటిదే, టిపిక్ ఆర్జియుడాల్.

ఈ తేడాకు కారణం వేల ఏళ్ల పాటు పైన పెరిగినవే. ఓక్ లాంటి ఆకురాల్చే అడవి కింద సేంద్రియ పదార్థం ఎక్కువగా పైనే పడి, పైనే కుళ్లిపోతుంది. గడ్డి నేలలో అయితే వేళ్లు ఏటా లోపలే చచ్చి, లోతు దాకా నలుపు తెస్తాయి. 1938 నాటి పాత వర్గీకరణలో మొదటి రకాన్ని గ్రే-బ్రౌన్ పాడ్జోలిక్ అనీ, రెండోదాన్ని ప్రెయిరీ నేల అనీ పిలిచేవారు. పాత రిపోర్టులు తిరగేస్తే ఈ పేర్లు కనపడతాయి, కంగారు పడకండి.

ఇక అల్ట్రిసాల్ (బంక పేరుకున్నా క్షారాలు బాగా కడుక్కుపోయిన నేల) అవుతుందేమోనన్న సందేహం మీ గుంతకు అక్కర్లేదు. దానికి లోతులో బేస్ శాచురేషన్ 35 శాతం కంటే తక్కువ ఉండాలి. 110 దగ్గర కార్బనేట్ నురగ కక్కుతుంటే ఆ మాట ఎత్తే పనే లేదు. మీ టిల్ డోలమైట్‌ది కాబట్టి చల్లటి పలచ యాసిడ్‌కు నురగ నెమ్మదిగా, తక్కువగా వస్తుంది. "కొంచెమే వచ్చింది, సున్నం తక్కువేమో" అనుకోకండి. మట్టిని పొడి చేసి వేసి, చెవి దగ్గర పెట్టుకుంటే చిటపట వినపడుతుంది.

కోతకు గురైన నేలల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. వాలు మీద పచ్చిక నేలను తరాల తరబడి దున్నితే నల్లటి పొర కొట్టుకుపోతుంది, నాగలి కింది బీటీని పైకి లాగి కలుపుతుంది. ఒకే పొలంలో గట్టు మధ్యలో నేను ఆగర్‌తో (నేలను తొలిచే బర్మా) తీసిన మట్టి మాలిక్ రంగుకు సరిపోలేదు, కాస్త కింద, వాలు అడుగున తీసినది 40 సెంటీమీటర్ల దాకా నల్లగా ఉంది. రూల్ ప్రకారం మొదటిది ఆల్ఫిసాల్, రెండోది మాలిసాల్. ఒక వందేళ్ల సేద్యం నేల ఆర్డర్‌నే, అంటే అన్నిటికంటే పై వర్గాన్నే, మార్చేసింది! సర్వేల్లో ఇలాంటి వాటిని తరచు టాక్సాడ్జంక్ట్ అని రాస్తారు, అంటే ఫలానా సిరీస్ లాంటిదే గానీ ఒక లక్షణంలో హద్దు దాటింది అని. నా ఉద్దేశంలో వర్గీకరణలో ఇదొక బలహీనతే. కానీ రూల్ రూలే, పరీక్షలో మాత్రం ఉన్న రంగునే రాయండి.

ఫైన్-సిల్టీ అని ఎందుకు?

ఫ్యామిలీ పేరులోని మొదటి భాగం ఆర్జిల్లిక్ పొరలో పై 50 సెంటీమీటర్లను చూస్తుంది. మీ గుంతలో అది 30 నుంచి 80 వరకు, అంటే మొత్తం లోయెస్సే. బంక 18 నుంచి 35 మధ్య, 0.1 మిల్లీమీటర్ల కంటే ముతకవి 15 శాతం కంటే తక్కువ ఉంటే ఫైన్-సిల్టీ. 15, అంతకంటే ఎక్కువ ఉంటే ఫైన్-లోమీ. ఈ 15 శాతంలో 7.5 సెంటీమీటర్ల దాకా ఉన్న గులకరాళ్లు కూడా లెక్కే. మరీ సన్న ఇసుకను, అంటే 0.05 నుంచి 0.1 మిల్లీమీటర్ల వరకు ఉన్నదాన్ని, ఇక్కడ సిల్ట్ కింద జమ కట్టాలి. ల్యాబ్ ఇచ్చిన మొత్తం ఇసుక శాతాన్ని నేరుగా వాడితే తప్పు వస్తుంది.

లోయెస్ ఎంత పలచబడితే పేరు మారుతుంది? లోయెస్‌లో ముతకవి 3 శాతం, టిల్‌లో 35 శాతం అనుకుందాం. బీటీ 30 దగ్గరే మొదలై, హద్దు 45 దగ్గర ఉంటే, 15 సెంటీమీటర్లు లోయెస్, 35 సెంటీమీటర్లు టిల్. సగటు 25 శాతం పైన, కాబట్టి ఫైన్-లోమీ. సగటు సరిగ్గా 15కు వచ్చేది హద్దు 61 దగ్గర ఉన్నప్పుడు. కాబట్టి ఇలాంటి మట్టిలో హద్దు 60 చుట్టుపక్కల ఉంటే ఒక ఆగర్ రంధ్రాన్ని నమ్ముకుని ఫ్యామిలీ రాయకండి. ఇండియానా రాష్ట్ర నేల మయామీ విషయంలో ఇదే జరుగుతుంది. దాంట్లో లోయెస్ 46 సెంటీమీటర్లకు మించదు, అందుకే ఫైన్-లోమీ. దాని కింద గట్టి టిల్ మీద వసంతంలో నీరు ఆగుతుంది కాబట్టి సబ్‌గ్రూప్ ఆక్సీఆక్విక్. రసెల్‌కూ మయామీకీ మధ్య మీరు పొలంలో కొలిచేది ప్రధానంగా లోయెస్ మందమే.

మిగతా మూడు మాటలు త్వరగా. మిక్స్‌డ్ అంటే ఏ ఒక్క ఖనిజమూ మిగతావాటిని మించిపోలేదని. సూపర్‌యాక్టివ్ అంటే కేటయాన్ మార్పిడి సామర్థ్యాన్ని (కాల్షియం లాంటి అయాన్లను మట్టి పట్టి ఉంచే శక్తిని) బంక శాతంతో భాగిస్తే 0.60 లేదా ఎక్కువ, 0.40 నుంచి 0.60 లోపు అయితే యాక్టివ్. రసెల్, మయామీ రెండూ యాక్టివ్. మెసిక్ అంటే 50 సెంటీమీటర్ల లోతున నేల సగటు ఉష్ణోగ్రత ఏడాదికి 8 నుంచి 15 డిగ్రీల సెల్సియస్ మధ్య. విస్కాన్సిన్‌లోనే ఉత్తరానికి పోతే 8 కంటే తగ్గి ఫ్రిజిడ్ అవుతుంది.

వాడకంలో ఈ నేల ఎలా ఉంటుంది

పంటకు ఇంతకంటే మంచి నేల అరుదు. సిల్ట్ మొక్కకు అందే నీటిని సెంటీమీటరుకు సుమారు 0.21 సెంటీమీటర్ల చొప్పున పట్టి ఉంచుతుంది. 80 సెంటీమీటర్ల లోయెస్‌లో అది సుమారు 17 సెంటీమీటర్ల నీరు. అందులో సగమే మొక్కకు సులువుగా అందుతుందనుకున్నా, రోజుకు 7 మిల్లీమీటర్లు తాగే మొక్కజొన్నకు వాన లేకుండా 12 రోజులు గడుస్తాయి. కింద టిల్‌లో ఈ సామర్థ్యం తగ్గుతుంది. గట్టిగా అణిగిన టిల్ అయితే సాంద్రత ఘనసెంటీమీటరుకు 1.8 గ్రాముల దాకా పోతుంది, వేళ్లు పగుళ్లు దొరికితే తప్ప దిగవు.

ఆమ్లత్వం లోతుతో పాటు వంపు తిరుగుతుంది. సున్నం వేసిన దున్నిన పొరలో పీహెచ్ 6.5 చుట్టుపక్కల, బీటీలో 5 నుంచి 6, కార్బనేట్ ఉన్న 2సీలో 8 దగ్గర. బీటీలో పీహెచ్ తక్కువ కనపడిందని ల్యాబ్ తప్పు చేసిందనుకోకండి. కార్బనేట్ కరిగి కిందికి పోయాకే బంక కదలడం మొదలవుతుంది, కాబట్టి అలా ఉండటమే సహజం.

దీని బలహీనత కోత. సిల్ట్ వాన చినుకుకు విడిపోయి, నీటితో తేలిగ్గా కొట్టుకుపోతుంది. బంక అతుక్కుని నిలుస్తుంది, ఇసుక బరువుకు ఆగుతుంది, సిల్ట్‌కు రెండూ లేవు. వాలు 6 శాతం దాటితే దున్నకుండా విత్తడమో, పైరు లేని కాలంలో కప్పు పంట వేయడమో తప్పదు. తడిగా ఉన్నప్పుడు బరువైన యంత్రాలు దించితే కట్టుబడి నలిగిపోతుంది. అప్పుడు మ్యాపులో వెల్ డ్రెయిన్డ్ అని ఉన్నా పొలంలో నీళ్లు నిలుస్తాయి.

ఇళ్ల స్థలాల దగ్గర ఇది ఇంకా తీవ్రం. సెప్టిక్ ట్యాంకు కోసం నేల చూడమని పిలిచిన ఒక లేఅవుట్‌లో సర్వే మ్యాపు ప్రకారం అంతా వెల్ డ్రెయిన్డ్ సిల్ట్ లోమే. కానీ స్థలం చదును చేసినవారు పై లోయెస్ మొత్తం గీసి పక్కన పోశారు. మిగిలింది గట్టి టిల్, దాని మీద నాలుగు వేళ్ల మందాన తెచ్చిపోసిన నల్లమట్టి. మార్చి నెలలో ఆగర్ రంధ్రం తవ్వితే అరగంటలో నీరు ఊరింది. మ్యాపు తప్పు కాదు, మ్యాపు గీసిన నేల ఇప్పుడక్కడ లేదు.

మీ గుంతకు ఈ జవాబు వర్తించని సందర్భాలు

80 కింద గరుకు మట్టి నిజంగా టిల్లేనా చూడండి. గులకరాళ్లు గుండ్రంగా, కొలత ప్రకారం పొరలుగా ఉంటే అది కరుగునీరు తెచ్చిన అవుట్‌వాష్. అప్పుడు ఫ్యామిలీ పేరులో "ఓవర్ శాండీ" (కింద ఇసుక ఉంది) తరహా మాట రావచ్చు. విస్కాన్సిన్ రాష్ట్ర నేల ఆంటిగో అలాంటిదే. సన్నమట్టి నుంచి ముతక ఇసుకలోకి నీరు వెంటనే దిగదు, పైది దాదాపు నిండేదాకా హద్దు మీద ఆగుతుంది. కాబట్టి కింద ఇసుక ఉంటే ఇంకా బాగా ఆరుతుందని తేల్చేయకూడదు.

మీరు మున్ముందు దక్షిణ ఇల్లినాయి వైపు వెళ్తే అక్కడి టిల్ ఇంకా పాతది, ఇల్లినోయన్ కాలానిది. లోయెస్ పడేలోపు ఆ టిల్ మీద సాంగమన్ అనే నేల వేల ఏళ్ల పాటు ఏర్పడింది. లోయెస్ కింద ఎర్రటి లేదా బూడిదరంగు చిక్కటి బంక తగిలితే అది పూడిపోయిన పాత నేల కావచ్చు. అప్పుడు ఎక్కడి దాకా కొత్త నేల, ఎక్కడి నుంచి పాత నేల అని ముందు తేల్చుకోవాలి.

అంతర్జాతీయ పద్ధతిలో పేరు అడిగితే మీ గుంత లువిసాల్ కిందికి, ప్లానో ఎక్కువగా ఫేయోజెమ్ కిందికి వస్తాయి. జర్మనీ, పోలండ్‌లలో లోయెస్ నేలల మీద వచ్చిన వ్యాసాలు చదివేటప్పుడు ఇది పనికొస్తుంది.

ల్యాబ్‌కు పంపేటప్పుడు పొరపొరకూ విడిగా సంచి కట్టండి, 75 నుంచి 85 మధ్య మట్టిని మాత్రం ఏ సంచిలోనూ కలపకండి, అది రెండు పదార్థాల మిశ్రమం. ఇసుకను అయిదు సైజులుగా విడదీసి ఇమ్మని అడగండి. లేకపోతే 0.1 మిల్లీమీటర్ల లెక్క వేయలేరు. బీటీ పొరలకు కేటయాన్ మార్పిడి సామర్థ్యం తప్పనిసరి, సూపర్‌యాక్టివ్ అన్న మాట నా అంచనా మాత్రమే, అది ఆ అంకెతోనే ఖాయమవుతుంది. వీలైతే ఏప్రిల్‌లో అదే గుట్ట మీద మీటరు లోతు రంధ్రం తవ్వి, ఒక పైపు దించి, వారానికి రెండుసార్లు నీటిమట్టం రాసుకోండి. మీటరు లోపు నీరు 20 రోజులు నిలవలేదని చేతిలో లెక్క ఉంటే, టిపిక్ అన్నదాని మీద మీ ప్రొఫెసర్ ఎన్ని ప్రశ్నలు వేసినా టెన్షన్ పడక్కర్లేదు.